డీవో స్టూడెంట్లు యూఎస్‌ఎంఎల్‌ఈ కూడా రాయాలా? తేల్చుకోవడం ఎలా

డిసెంబరు సెలవులు మొదలయ్యాయంటే చాలు, నాకు ఇవే మెసేజ్‌లు. "అక్కా, నేను డీవో సెకండియర్. కామ్లెక్స్ ఎలాగూ రాయాలి. యూఎస్‌ఎంఎల్‌ఈ కూడా రాయాలా?" కొన్నిసార్లు పిల్లలు కాదు, వాళ్ల అమ్మానాన్నలే ఫోన్ చేస్తారు. ఒక్కొక్కరికీ చెప్పేది దాదాపు ఒకటే కాబట్టి అంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. నేనూ డీవోనే. ఫ్యామిలీ మెడిసిన్ చేశాను. రెసిడెన్సీకి (డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే స్పెషాలిటీ శిక్షణ) వచ్చే అప్లికేషన్లు చదివే పనిలో కూడా కొన్నేళ్లుగా ఉన్నాను.

ముందు ఇంట్లో వాళ్లకు ఒక మాట చెప్పాలి. మన దగ్గర డీవో అంటే కళ్ల డాక్టర్ల డిప్లొమా. అమెరికాలో అది వేరు. ఇక్కడ ఆస్టియోపతిక్ మెడికల్ కాలేజీలో నాలుగేళ్లు చదివినవాళ్లకు ఇచ్చే డిగ్రీ అది, ఎండీతో (ఇక్కడ మిగతా మెడికల్ కాలేజీలు ఇచ్చే డిగ్రీ) సమానంగా పూర్తి లైసెన్సు ఉన్న డాక్టరు. వాళ్లకు లైసెన్సు పరీక్ష కామ్లెక్స్. అది 50 రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. ఎండీలకు, బయటి దేశాల్లో చదివి వచ్చినవాళ్లకు ఉన్న లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ. రెండూ మూడు మెట్లుగా ఉంటాయి: కామ్లెక్స్‌లో వాటిని లెవెల్ అంటారు, యూఎస్‌ఎంఎల్‌ఈలో స్టెప్ అంటారు (రెండో స్టెప్ పేరు స్టెప్ 2 సీకే). ఉస్మానియాలోనో గుంటూరులోనో ఎంబీబీఎస్ చేసి ఇక్కడికి వచ్చిన బాబాయిలు, పెద్దమ్మలు యూఎస్‌ఎంఎల్‌ఈ రాసే వచ్చారు, ఎందుకంటే వాళ్లకు వేరే దారి లేదు. అందుకే "అది రాయకపోతే డాక్టరు ఎలా అవుతావు?" అని అడుగుతారు. వాళ్లు మంచికే అడుగుతున్నారు, కానీ అది మీ పరిస్థితి కాదు. మీకు యూఎస్‌ఎంఎల్‌ఈ అదనపు పరీక్ష. అది రాసినా కామ్లెక్స్ తప్పదు.

మరి అదనపు పరీక్ష ఎందుకు? 2020కి ముందు డీవోల కోసం విడిగా రెసిడెన్సీలు, విడిగా మ్యాచ్ (ఎవరికి ఏ రెసిడెన్సీ సీటో తేల్చే పద్ధతి) ఉండేవి. 2015లో మొదలైన మార్పు 2020 జూన్‌కి పూర్తయింది. ఇప్పుడు అందరూ ఏసీజీఎంఈ (రెసిడెన్సీలకు గుర్తింపు ఇచ్చే సంస్థ) అనే ఒకే గొడుగు కింద, ఒకే వరసలో నిలబడుతున్నారు. ఆ వరసలో కొన్ని ప్రోగ్రాముల వాళ్లకు కామ్లెక్స్ స్కోరు చూడటం అలవాటు లేదు. ఎండీల పక్కన పెట్టి పోల్చడానికి వాళ్లకు యూఎస్‌ఎంఎల్‌ఈ నంబరు కావాలి. అందుకే ఈ ప్రశ్న. నేపథ్యం ఇంతవరకు చాలు.

కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ కాలేజీ రూల్స్: కామ్లెక్స్ లెవెల్ 1 ఏ తేదీలోపు రాయాలి, దానికి ముందు ఏ ప్రాక్టీస్ టెస్టులో ఎంత రావాలి
- మీకు నచ్చిన రెండు మూడు స్పెషాలిటీల పేర్లు. ఒక్కటే తేలకపోయినా పరవాలేదు
- ఒక స్ప్రెడ్‌షీట్, ఫ్రైడా అకౌంట్, రెసిడెన్సీ ఎక్స్‌ప్లోరర్ లాగిన్ (ఈ రెండూ రెసిడెన్సీ ప్రోగ్రాముల వివరాలు వెతుక్కునే సైట్లు)
- ఎన్‌బీఎంఈ (యూఎస్‌ఎంఎల్‌ఈ తయారుచేసే సంస్థ) వాళ్ల ప్రాక్టీస్ టెస్టులు కనీసం మూడు, ఎన్‌బీఓఎంఈ (కామ్లెక్స్ నడిపే సంస్థ) వాళ్ల ప్రాక్టీస్ టెస్టు కామ్సే ఒకటి రెండు
- డబ్బు: యూఎస్‌ఎంఎల్‌ఈలో ఒక్కో స్టెప్‌కి ఫీజు 600 డాలర్ల పైనే. ప్రాక్టీస్ టెస్టులు, క్వశ్చన్ బ్యాంకు వేరే
- ఒక ఆదివారం పూర్తిగా

1. ప్రోగ్రాముల జాబితా రాయండి

అన్నిటికంటే ఎక్కువ టైమ్ దీని మీదే పెట్టండి. చాలామంది దీన్ని వదిలేసి, సీనియర్లు ఏమన్నారో విని నిర్ణయం తీసేసుకుంటారు.

స్పెషాలిటీ ఒక్కోదానికి 30, 40 ప్రోగ్రాములు తీసుకోండి. మీ కాలేజీ ఉన్న రాష్ట్రం, మీ ఇల్లు ఉన్న రాష్ట్రం, మీరు నిజంగా వెళ్లి ఉండగలిగే ఊళ్లు. పెద్ద పేర్లు మాత్రమే రాసుకుంటే జాబితా అబద్ధం చెబుతుంది. ఒక్కో ప్రోగ్రాముకి నాలుగు గడులు పెట్టండి:

మొదటి గడిలో, కామ్లెక్స్ ఒక్కటే ఉన్నా తీసుకుంటారా అన్నది. రెండో గడిలో, యూఎస్‌ఎంఎల్‌ఈ గురించి వాళ్ల సైట్‌లో వాడిన మాట యథాతథంగా. "రిక్వైర్డ్" అంటే లేకపోతే చూడరు. "ప్రిఫర్డ్" అంటే ఉంటే మంచిదని, అయినా చాలా చోట్ల లేనివాళ్లు వెనకబడతారు. "యాక్సెప్టెడ్" అన్న మాట ఒక్కదాన్నే నమ్మకండి. మూడో గడిలో, ఇప్పుడున్న రెసిడెంట్లలో డీవోలు ఎంతమంది అన్నది. ప్రోగ్రాము సైట్‌లో రెసిడెంట్ల ఫొటోల పేజీ ఉంటుంది. మూడేళ్ల బ్యాచ్‌లూ లెక్కపెట్టండి. నాలుగో గడిలో, ఆ డీవోలు యూఎస్‌ఎంఎల్‌ఈ రాసినవాళ్లా కాదా అన్నది. ఇది సైట్‌లో ఉండదు, అడిగి తెలుసుకోవాలి.

ఆమధ్య ఒక తమ్ముడు మా ఇంటికి వచ్చి డైనింగ్ టేబుల్ మీద ఈ పని చేశాడు. అతనికి అనస్థీషియా కావాలి. 38 ప్రోగ్రాములు రాశాడు. సైట్లు చూస్తే 29 చోట్ల కామ్లెక్స్ తీసుకుంటామనే ఉంది. ఇక రాయక్కర్లేదని లేవబోయాడు. ఫొటోలు లెక్కపెట్టమన్నాను. ఆ 29లో 11 చోట్ల మూడేళ్లలో ఒక్క డీవో కూడా లేరు. మిగతావాటిలో నలుగురు డీవో రెసిడెంట్లకు మెసేజ్ పెడితే ముగ్గురు జవాబిచ్చారు, ముగ్గురూ రెండు పరీక్షలూ రాసినవాళ్లే. అతని నిర్ణయం ఆ సాయంత్రమే తేలిపోయింది. ఫ్యామిలీ మెడిసిన్ కోసం ఇదే పని చేసిన ఇంకో అమ్మాయికి సరిగ్గా తలకిందులుగా వచ్చింది. జాబితా అంతా డీవోలే, అడిగినవాళ్లలో ఎక్కువమంది కామ్లెక్స్ ఒక్కటే రాశారు.

సైట్‌లో స్పష్టంగా లేకపోతే ప్రోగ్రాము కోఆర్డినేటర్‌కి రెండు లైన్ల ఈమెయిల్ పెట్టండి. "నేను ఫలానా కాలేజీలో డీవో స్టూడెంట్‌ని. కామ్లెక్స్ స్కోరు మాత్రమే ఉన్న అప్లికేషన్లను మీరు చూస్తారా, లేక యూఎస్‌ఎంఎల్‌ఈ ఉండాలా?" అంతే. మీ బయోడేటా, మీ కలలు అందులో పెట్టకండి. పొట్టిగా ఉంటేనే జవాబు వస్తుంది.

2. జాబితాను బట్టి మీరు ఏ గుంపులో ఉన్నారో చూడండి

ఆర్థోపెడిక్స్, డెర్మటాలజీ, న్యూరోసర్జరీ, ఈఎన్‌టీ, ప్లాస్టిక్ సర్జరీ, యూరాలజీ, కళ్లు: వీటిలో ఏదైనా కావాలంటే స్టెప్ 1, స్టెప్ 2 సీకే రెండూ రాయాలనుకునే మొదలుపెట్టండి. రేడియాలజీ, అనస్థీషియా కూడా నా లెక్కలో ఇటువైపే.

ఇంటర్నల్ మెడిసిన్ యూనివర్సిటీ ప్రోగ్రాములో చేసి, తర్వాత కార్డియాలజీకో గ్యాస్ట్రోకో వెళ్లాలనుకునేవాళ్లు మధ్యలో ఉంటారు. స్టెప్ 2 సీకే ఉంటే చాలా తలుపులు తెరుచుకుంటాయి. స్టెప్ 1 మీ జాబితాను బట్టి.

ఫ్యామిలీ మెడిసిన్, పీడియాట్రిక్స్, కమ్యూనిటీ ఆసుపత్రుల్లో ఇంటర్నల్ మెడిసిన్, పీఎం అండ్ ఆర్ (పునరావాస వైద్యం): మామూలుగా కామ్లెక్స్ చాలు. సైకియాట్రీకి పోటీ పెరిగింది కాబట్టి జాబితా చూడకుండా చెప్పను.

ఇంకా ఏమీ తేలలేదా? అయితే రాస్తున్నట్టే చదవండి. రాయాలా వద్దా అన్నది పరీక్షకి నాలుగైదు వారాల ముందు, నాలుగో అంకెలో చెప్పిన విధంగా తేల్చుకోండి.

3. రెండూనా, స్టెప్ 2 ఒక్కటేనా?

చాలామందికి తెలియని సంగతి: స్టెప్ 1 రాయకుండానే స్టెప్ 2 సీకే రాయొచ్చు. రెండూ పాసవ్వాలనే షరతు స్టెప్ 3కే ఉంది. డీవోలకు కామ్లెక్స్ లెవెల్ 3 ఉంది కాబట్టి అది పెద్ద అడ్డంకి కాదు.

2022 జనవరి నుంచి స్టెప్ 1లో, అదే ఏడాది మే నుంచి లెవెల్ 1లో స్కోరు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఇస్తున్నారు. అంటే స్టెప్ 1 ఎంత బాగా రాసినా మీ చేతికి వచ్చేది "పాస్" అన్న ఒక్క మాటే. నంబరు వచ్చేది స్టెప్ 2 సీకేలో. అందుకే థర్డ్ ఇయర్ తర్వాత స్టెప్ 2 ఒక్కటే రాసే పద్ధతి చాలామందికి సరిపోతుంది. క్లినికల్ రొటేషన్లు (ఆసుపత్రిలో ఒక్కో విభాగంలో చేసే శిక్షణ) అయ్యాక ఆ పరీక్షకీ లెవెల్ 2కీ చదివేది చాలావరకు ఒకటే.

కానీ కొన్ని ప్రోగ్రాములు రెండు స్టెప్‌లూ అడుగుతాయి. ఫోర్త్ ఇయర్‌లో వేరే ఆసుపత్రికి ఆడిషన్ రొటేషన్‌కి (రెసిడెన్సీ కావాలనుకునే చోట పనిచేసి చూపించడం) వెళ్లాలంటే, కొన్ని చోట్ల డీవోలను కూడా స్టెప్ 1 పాసయ్యారా అని అడుగుతారు. అలాంటివి మీ జాబితాలో ఐదారుకి మించి ఉంటే స్టెప్ 1 వదలకండి.

4. ప్రాక్టీస్ టెస్టు చెప్పింది వినండి

జాబితా రాయమంటున్నా సరే, ప్రాక్టీస్ టెస్టు వద్దంటే దాని మాటే వినాలి.

ఎందుకంటే స్టెప్ 1 ఫెయిల్ అయితే అది చెరిగిపోదు. 2022లో మొదటిసారి రాసిన డీవో స్టూడెంట్లలో 89 శాతం పాసయ్యారు, ఎండీల్లో 93 శాతం. అంటే రాసిన డీవోల్లో వందకి పదకొండు మంది, రాయక్కర్లేని పరీక్ష రాసి, ఫెయిల్ అన్న మాట మోస్తున్నారు. వాళ్లలో కొందరితో నేను మాట్లాడాను. తెలివి తక్కువై ఫెయిలైనవాళ్లు కాదు. ప్రాక్టీస్ స్కోర్లు వద్దంటున్నా, ఫీజు కట్టేశామనో, ఫ్రెండ్స్ అందరూ రాస్తున్నారనో వెళ్లి రాసినవాళ్లు.

ఎన్‌బీఎంఈ టెస్టు మొదటిది ఎనిమిది వారాల ముందు, రెండోది నాలుగైదు వారాల ముందు, మూడోది పది రోజుల ముందు రాయండి. వచ్చిన శాతాన్ని ఇలా చూడండి. పాస్ గీత దాదాపు 62 దగ్గర ఉంటుంది. కింద ఉన్న హద్దులు మాత్రం నావి:

- వరసగా రెండు టెస్టుల్లో 70 దాటితే: వెళ్లి రాయండి
- 65 నుంచి 69 మధ్య ఉంటే: కాలేజీ గడువు ఒప్పుకుంటే రెండు వారాలు వెనక్కి జరపండి, మళ్లీ టెస్టు రాయండి
- నాలుగు వారాల ముందు కూడా 65 దాటకపోతే: స్టెప్ 1 ఆపేయండి. లెవెల్ 1 మీద పడండి. స్టెప్ 2 సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు

ఆపేయడం ఓడిపోవడం కాదు. లెవెల్ 1 పాసవ్వకపోతే చాలా కాలేజీల్లో థర్డ్ ఇయర్ రొటేషన్లే ఆగిపోతాయి. ముందు కాపాడుకోవాల్సింది అదే.

టెస్టు సరిగ్గా రాయకపోతే ఈ లెక్కలు పనికిరావు. మధ్యలో లేవకుండా ఒకేసారి కూర్చుని, ఫోన్ పక్క గదిలో పెట్టి, టైమ్ పెట్టుకుని రాయాలి. ఒకసారి రాసిన ఫామ్‌నే మళ్లీ రాస్తే వచ్చేది మీ జ్ఞాపకశక్తి స్కోరు. యూవరల్డ్‌లో (ఎక్కువమంది వాడే క్వశ్చన్ బ్యాంకు) వచ్చే శాతాన్ని ఈ శాతంతో పోల్చకండి, అది నేర్చుకోవడానికి, ఇది కొలవడానికి.

5. రిజిస్ట్రేషన్: పేరు, తేదీ

మన పేర్లతో ఇక్కడ తంటా వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, కాలేజీ రికార్డుల్లో ఇంకో గడిలో, డ్రైవింగ్ లైసెన్సులో పొట్టి పేరు. పరీక్ష పర్మిట్ మీద ఉన్న పేరు, మీరు తీసుకెళ్లే ఐడీ మీద ఉన్న పేరు కలవాలి. కలవకపోతే పరీక్ష జరిగే ప్రొమెట్రిక్ సెంటర్ గుమ్మం నుంచే వెనక్కి పంపుతారు. అప్లికేషన్ నింపే ముందే మూడూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే అప్పుడే సరిచేయించండి, దానికి వారాలు పడుతుంది.

యూఎస్‌ఎంఎల్‌ఈకి మూడు నెలల గడువు ఎంచుకోవాలి. మే, జూన్ తేదీలు త్వరగా నిండిపోతాయి కాబట్టి పర్మిట్ రాగానే సీటు బుక్ చేయండి. తేదీ మార్చాలంటే ఎంత ముందు మారిస్తే అంత తక్కువ ఖర్చు. అందుకే ఆరేడు వారాల ముందు క్యాలెండర్‌లో ఒక గుర్తు పెట్టుకోండి: "మార్చాలా, ఉంచాలా?"

6. రెండు పరీక్షల మధ్య వారం

రెండూ రాస్తుంటే ముందు స్టెప్ 1, తర్వాత ఆరు నుంచి పది రోజుల్లో లెవెల్ 1. ఎక్కువమందికి ఈ వరస కుదురుతుంది, నాకూ కుదిరింది. ఒకరోజు తేడాతో రాయకండి, మెదడు పనిచేయదు. నెల రోజులు తేడా పెడితే చదివింది జారిపోతుంది.

మధ్యలో వారం ఇలా వాడండి. మొదటి రోజు పుస్తకం ముట్టకండి, నిద్రపోండి. తర్వాత నాలుగు రోజులు పూర్తిగా ఓఎంఎం (చేతులతో చేసే ఆస్టియోపతిక్ చికిత్స, ఇది కామ్లెక్స్‌లోనే అడుగుతారు). గుండెకి వెన్నులో టీ1 నుంచి టీ5, అపెండిక్స్‌కి కుడి పన్నెండో పక్కటెముక చివర చాప్‌మన్ పాయింట్ (ఒక్కో అవయవానికి గుర్తుగా ఒంటి మీద నొక్కి చూసే చోటు) లాంటివి అద్దం మీద స్టిక్కర్ పెట్టుకునైనా నోటికి వచ్చేలా చేయండి. శాక్రల్ టార్షన్లు (నడుము కింది త్రికాస్థి మెలిక తిరగడం) మాత్రం బట్టీ పట్టొద్దు, ఫ్రెండ్‌ని బోర్లా పడుకోబెట్టి చేతులతో చేసి చూడండి. ఆఖరి రెండు రోజులు కామ్లెక్స్ తరహా ప్రశ్నలు, ఒక కామ్సే. యూఎస్‌ఎంఎల్‌ఈ ప్రశ్నల్లో కథ పొడుగ్గా ఉంటుంది, కావాల్సిన వివరాలన్నీ అందులోనే ఉంటాయి. కామ్లెక్స్‌లో ప్రశ్న పొట్టిగా ఉండి, అడుగుతున్నదేమిటో కొన్నిసార్లు మనమే ఊహించుకోవాలి. ఆ మార్పుకి అలవాటు పడటానికి రెండు రోజులైనా కావాలి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

"ముందు రాసి చూద్దాం, బాగా రాకపోతే పంపం" అనుకోవడం. సగం నిజమే. కామ్లెక్స్ ట్రాన్‌స్క్రిప్టు, యూఎస్‌ఎంఎల్‌ఈ ట్రాన్‌స్క్రిప్టు ఈరాస్‌లో (రెసిడెన్సీ అప్లికేషన్లు పంపే పోర్టల్) విడివిడిగా పంపుతారు, రెండోది పంపకుండా ఉండొచ్చు. కానీ పంపితే మొత్తం వెళ్తుంది. స్టెప్ 1 ఫెయిల్ దాచి స్టెప్ 2 మంచి స్కోరు మాత్రమే చూపించడం కుదరదు. ఎవరైనా నేరుగా అడిగితే నిజమే చెప్పాలి, అందులో రెండో ఆలోచన వద్దు.

స్కోరు పెంచుకోవడానికి మళ్లీ రాయొచ్చనుకోవడం. ఒకసారి పాసైతే అంతే, మళ్లీ రాయనివ్వరు. అందుకే తక్కువ స్కోరుతో పాసవ్వడం కూడా ఆలోచించాల్సిన విషయమే. స్టెప్ 2 సీకే పాస్ మార్కు 2025 జూలై నుంచి 218. అక్కడక్కడే తిరుగుతున్న ప్రాక్టీస్ స్కోర్లతో వెళ్తే, పాసైనా ఆ నంబరు మీకు సాయం చేయదు.

ఓఎంఎంని ఆఖరి రాత్రికి వదిలేయడం. స్టెప్ పాసై లెవెల్ 1లో జారినవాళ్లు నాకు తెలుసు.

లెవెల్ 2 స్కోరు తక్కువగా వచ్చిందని కంగారుపడి, ఆగస్టులో హడావిడిగా స్టెప్ 2కి కట్టడం. అదే చదువుతో రాస్తే అదే ఫలితం వస్తుంది. ముందు ఎన్‌బీఓఎంఈ సైట్‌లో మీ స్కోరు ఏ పర్సంటైల్‌లో ఉందో చూడండి. చాలామంది అనుకున్నంత తక్కువగా ఉండదు.

7. ఫలితం వచ్చాక చూసుకోవాల్సినవి

యూఎస్‌ఎంఎల్‌ఈ ఫలితాలు మామూలుగా నాలుగు వారాల్లోపు, బుధవారం నాడు వస్తాయి. ప్రోగ్రాములు సెప్టెంబరు చివర్లో అప్లికేషన్లు తెరుస్తాయి. కాబట్టి స్టెప్ 2 జూలై దాటనివ్వకండి.

స్టెప్ 1 ఫెయిలై, లెవెల్ 1 పాసైతే? వారం రోజులు ఏ నిర్ణయమూ తీసుకోకండి. తర్వాత మళ్లీ జాబితా తెరవండి. యూఎస్‌ఎంఎల్‌ఈ అడగని ప్రోగ్రాములు సరిపడా ఉంటే అక్కడితో ఆపి కామ్లెక్స్‌తోనే వెళ్లొచ్చు. అవసరమైన స్పెషాలిటీ అయితే మళ్లీ రాసి పాసై, స్టెప్ 2లో గట్టి నంబరు తెచ్చుకుని, ఏం జరిగిందో రెండు వాక్యాల్లో దాపరికం లేకుండా చెప్పండి. ఒక స్టెప్‌కి మొత్తం నాలుగు అవకాశాలే ఉంటాయి.

ఈరాస్‌లో ట్రాన్‌స్క్రిప్టు ఒకసారి పంపాక కొత్త స్కోరు వస్తే, అది కూడా వెళ్లిందో లేదో ప్రోగ్రాము వారీగా చూడండి. మళ్లీ పంపమని మీరే నొక్కాల్సి రావచ్చు. నేను అప్లికేషన్లు చదివినప్పుడు స్టెప్ 2 గడి ఖాళీగా ఉన్నవి కనిపిస్తాయి. స్కోరు వచ్చిన సంగతి స్టూడెంటుకు తెలుసు, మాకు తెలియదు. గైనకాలజీ 2024 సీజన్ నుంచి, ఎమర్జెన్సీ మెడిసిన్ 2025 సీజన్ నుంచి రెసిడెన్సీ కాస్ అనే వేరే పోర్టల్‌కి మారాయి. మీ స్పెషాలిటీ ఏ పోర్టల్‌లో ఉందో చూసుకుని అక్కడ కూడా సరిచూసుకోండి.

ఇక యూఎస్‌ఎంఎల్‌ఈ రాయకూడదని తేల్చుకున్నవాళ్లకి. ఇంటర్వ్యూలో "ఎందుకు రాయలేదు?" అని అడగొచ్చు. తడబడకుండా, క్షమాపణ అడుగుతున్నట్టు కాకుండా చెప్పండి: "నేను అప్లై చేసే ప్రోగ్రాములు చూశాను, వాటికి కామ్లెక్స్ సరిపోతుంది. ఆ సమయాన్ని రొటేషన్లకు వాడుకున్నాను." వాడుకున్నట్టు ఒక ఉదాహరణ సిద్ధంగా పెట్టుకోండి: ఒక పేషెంటు, ఒక క్లినిక్, మీరు నేర్చుకున్న ఒక పని. టేబుల్‌కి ఇవతల కూర్చున్నప్పుడు మేము ఆ తర్వాత అడిగేది దాని గురించే.